ఎవరికి ఏది లాభమో విన్న పెట్టె

తొలకరి పడగానే అడవిలోకి గాలికుంటు రోగం దిగింది. దుప్పులు, అడవిదున్నలు నోట పుండ్లతో, పగిలిన గిట్టలతో కూలబడ్డాయి. దూడలు పాలు తాగడం మానేశాయి. మందేదో తేల్చడానికి వైద్యుల సభ కూర్చుంది: ఏనుగు నాంచారమ్మ, నక్క తిరుపాలు, తాబేలు, ముళ్ళపంది. వీళ్ళు ఏది చెబితే అడవంతా అదే వాడాలి.

“లోయలో దొరికే చెట్టు బెరడు నమిలితే ఒక్క పూటలో లేస్తారు,” అన్నాడు తిరుపాలు.

“కానుగాకు కషాయంతో పుండ్లు కడిగితే చాలు,” అంది నాంచారమ్మ. ముప్పై ఏళ్ళుగా ఆమె వైద్యానికి ఎదురులేదు.

వాదన తెగలేదు. తాబేలు పక్కనున్న చెట్టుకు కట్టిన పెట్టె వైపు తలెత్తింది. అడవి చప్పుళ్ళు వినడానికి మనుషులు కట్టిపోయిన యంత్రమది. ఏళ్ళ తరబడి విని విని, జంతువుల భాషలోనే జవాబు చెప్పడం నేర్చింది.

“ఏ మందుతో మాలో ఎవరికి లాభమో చెప్తావా?” అని అడిగింది తాబేలు.

తిరుపాలు గతుక్కుమన్నాడు. అయినా లోయ దూరం కదా, అక్కడి సంగతి దీనికేం వినిపిస్తుందిలే అనుకున్నాడు. “ముందు నాంచారమ్మ పెద్దమ్మ సంగతి చెప్పమనండి. మందుతో సొంత లాభం ఉన్నవాళ్ళు సభలోంచి లేవాలి. ఎవరికైనా ఇదే కట్టుబాటు.”

“సరే,” అంది నాంచారమ్మ.

“కానుగ తోపు నీ చెల్లెలి ఏనుగుల గుంపుది,” అంది పెట్టె. “ఆకుకోసం వచ్చినవాళ్ళు ఆ మొహమాటంతో మడుగు దగ్గర ఆ గుంపుకే ముందు దారి వదులుతారు. నిరుడు వేసవిలో మూడుసార్లు అలాగే జరిగింది.”

నాంచారమ్మ చెవులు ఆడించడం మానేసింది. తను ఏనాడూ అలా ఆలోచించలేదు. కానీ అబద్ధమనలేకపోయింది. తన మనసులో తనకే తెలియని మూలను ఎవరో వెలుగు పట్టి చూపినట్టయింది.

“నిజమే. నేను లేస్తున్నాను.”

తిరుపాలు మీసం దువ్వాడు. పెట్టె మళ్ళీ మాట్లాడింది.

“లోయలోకి చిరుతపులి వచ్చి పదకొండు రోజులైంది. అది తిని లేచాక రోజూ ఎముకలు కొరికేది నువ్వే, తిరుపాలూ; ఆ చప్పుడు నాకు ఇక్కడిదాకా వినిపిస్తుంది. బెరడుకోసం కుంటుతూ వచ్చేవాళ్ళు దానికి సులువుగా దొరుకుతారు.”

“లేవయ్యా. కట్టుబాటు పెట్టింది నువ్వేగా,” అంది ముళ్ళపంది.

“మరి మందేదో కూడా నువ్వే చెప్పు,” అంది తాబేలు పెట్టెతో.

“ఎవరు ఎటు మొగ్గుతారో చెప్పగలను. మందు మాత్రం రోగుల్ని చూసి మీరే తేల్చుకోవాలి.”

మిగిలిన ఇద్దరూ కొన్ని దూడల పుండ్లు కానుగాకుతో కడిగి, కొన్నింటికి అంతకుముందు తెచ్చి ఉంచిన బెరడు పెట్టి, దూడ దూడనూ పరీక్షించారు. కానుగాకుతో కడిగినవే ముందు పాలకు నోరు తెరిచాయి. అదే మందని చాటించారు. నాంచారమ్మ పెట్టె కింద నిలబడి, చాలాసేపు తొండం ఎత్తి దాన్నే చూస్తూ ఉండిపోయింది.

ఆ సాయంత్రం లోయలోకి తిరుపాలు ఒక్కడే వెళ్ళాడు. ఆకలిగా ఉన్న చిరుత అతని వెనక దారి చూసింది. బెరడుకోసం ఎవరూ రాలేదు. అప్పుడు అతనివైపు చూసింది.

నలుగురికి మందు చెప్పే నోరు, ముందు తన లాభమెక్కడుందో చెప్పాలి.