గడ్డి కూరిన వీరులు

సింహరాజుకీ అవతలి కొండ పులికీ ఒక చవిటి దిబ్బ కోసం యుద్ధం నడుస్తోంది. ఆ ఉప్పుమన్ను సింహమూ నాకదు, పులీ నాకదు. పోరాడి పడేది మాత్రం దున్నపోతులు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటే ఇదే మరి.

బొల్లమ్మ అనే గేదె పెద్దకొడుకు సోమన్న ఆ దిబ్బ దగ్గరే పడిపోయాడు. ఇక చిన్నవాడు చిట్టెన్న వంతు వచ్చింది. బొల్లమ్మ పంపనంది.

మంత్రి నక్కకు ఒక ఉపాయం తట్టింది. పల్లెల్లో దూడ చచ్చిపోతే, దాని తోలులో గడ్డి కూరి తల్లి ముందు నిలబెడతారు. గేదె దాన్ని నాకుతూ పాలిస్తుంది. నక్క అది చూసి వచ్చింది. పల్లెవాళ్లు అడిగేది పాలే. నక్కకు కావలసింది రెండో కొడుకు. సోమన్న తోలులోనూ, పడిపోయిన తక్కిన దున్నల తోళ్లలోనూ గడ్డి కూరించి, ఎవరి తల్లి ముందు వాళ్లను నిలబెట్టింది.

"ఇదిగో బొల్లమ్మక్కా, నీ సోమన్న! వీరుడికి చావేమిటి? ఎలా నిలబడ్డాడో చూడు! రేపు చిన్నవాణ్ణీ పంపు, అన్నకు తోడుంటాడు."

బొల్లమ్మ మూతి చాచింది. అంతా ఎండుగడ్డి వాసన. చెవి వెనక మాత్రం కొడుకు వాసన కాస్త మిగిలి ఉంది. అక్కడ ఒక్కసారి నాకింది. నక్క మీసాల్లో నవ్వుకుంది.

"ఏడవకక్కా."

"ఏడవడం లేదు మంత్రిగారూ, ఆలోచిస్తున్నాను."

పొద్దున్నే యుద్ధభేరి మోగింది. బొల్లమ్మ గడ్డి సోమన్నను కొమ్ములతో నెట్టుకుంటూ కొలువుకు బయలుదేరింది. వెనకే తక్కిన తల్లులు, ఎవరి గడ్డిబిడ్డతో వాళ్లు. తోడేలు భటులు అరిచారు, కరిచారు. దున్నపోతు మీద వాన కురిసినట్టే!

"ఏమిటే ఈ గోల?" అంది సింహం.

"గోల కాదు ప్రభూ, సైన్యం. మా వాళ్లెవరూ చావలేదని మంత్రిగారే చెప్పారు. ఇంతమంది వీరులుండగా మా పసివాళ్లెందుకు? వీళ్లనే పంపండి. ముందు మంత్రిగారు నడుస్తారు."

సింహం నక్కకేసి తిరిగింది. "మనవైపు ఒక్కడూ పడలేదని నాకూ రోజూ చెప్తున్నావుగా. ఊఁ, నడిపించు!"

నక్క తోక కాళ్ల మధ్యకు చేరింది. "ప్రభూ... గడ్డి ఎక్కడైనా పోట్లాడుతుందా?"

"గడ్డా?" సింహం జూలు లేచింది.

"మరి నా సోమన్న ఏడీ?" అంది బొల్లమ్మ.

"చచ్చిపోయాడు," నక్క గొణిగింది.

"వెనకున్న తల్లులకు వినపడలేదు. గట్టిగా చెప్పు. అందరి పేర్లూ చెప్పు."

నక్క చెప్పక తప్పలేదు. సోమన్న, ఎర్రన్న, మల్లిగాడు... పేరు వినపడగానే ఒక్కో తల్లి తన గడ్డిబిడ్డను నేల మీద పడుకోబెట్టింది. ఎండ నడినెత్తికి వచ్చినా పేర్లు అయిపోలేదు. సింహం తల దించుకుంది.

అప్పుడు బొల్లమ్మ వెళ్లి, దిబ్బకు పోయే ఇరుకు కనుమలో అడ్డంగా పడుకుంది. తల్లులంతా ఆమె పక్కనే పడుకున్నారు.

"ప్రభూ, ఆ మన్ను మీకంత ఇష్టమైతే మమ్మల్ని తొక్కుకుంటూ వెళ్లి మీరే తెచ్చుకోండి. మా పిల్లలు రారు."

తానే వెళ్లాలనేసరికి సింహానికి దిబ్బ మీద మోజు తీరిపోయింది. భేరి ఆపించింది. బిడ్డలకు మట్టి ఇవ్వాలన్నారు తల్లులు. ఆ గోతులన్నీ నక్కే తవ్వింది, గోళ్లు అరిగిపోయేదాకా.

నీతి: చచ్చినవాడు చావలేదని చెప్పేవాడి కన్ను బతికున్నవాడి మీద ఉంటుంది.