పచ్చి గుమ్మడికాయ, నక్క వైద్యం

సీతారత్నం గారి పెరట్లో పశువుల కొట్టం మీదికి పాకిన తీగ నుంచి ఓ సాయంత్రం గుమ్మడికాయ ఒకటి తెగి, దబ్బున కిందపడి పగిలింది. పడడం సరిగ్గా మేక ముందే పడింది. అసలే ఎండాకాలం, మేత లేదు. పాలు చాలక కూనలు రెండూ తల్లిని పొద్దస్తమానం కుమ్ముతున్నాయి. మేక ఆత్రంగా మూతి చాపింది.

"ఆగు చెల్లెమ్మా," అంది కంచె సందులోంచి నక్క. "పచ్చి గుమ్మడికాయ తింటే పేగులు మెలిపడతాయి. మనుషులంతటి వాళ్లే ఉడికించి పులుసు పెట్టుకుంటారు. నువ్వు పిల్లల తల్లివి, నీ పాలే వాటికి విషమైపోవూ? ఇలా తోసెయ్యి, ఎక్కడో దూరంగా పారేసి వస్తాను."

మేక చాచిన మూతి వెనక్కి తీసుకుంది. కూనల్ని వెనక్కి నెట్టుకుంది.

గాటి దగ్గర ముసలి ఎద్దు నెమరు ఆపింది. "మేకమ్మా, ఇంటావిడ కాయ తరిగేముందు ఏం చేస్తుందో చూశావా?"

"చిన్న ముక్క కోసి నాలుక చివర పెట్టుకుంటుంది తాతా."

"అది పచ్చిదే కదా? బాగుంటే తరుగుతుంది. చేదుగా ఉంటే పులుసులోకీ వెయ్యదు, నా గాట్లోకీ వెయ్యదు. చేదు కాయ ఉడికించినా చేటే."

మేక గోరంత కొరికి చూసింది. తియ్యగా ఉంది. ఇంకాస్త కొరికింది. ఆ తర్వాత నక్క అక్కడున్న సంగతే మర్చిపోయింది.

నక్కకి కడుపు మండింది. "సరేలే, ఆ పెంటకుప్ప మీద దానంతటదే కాసిన కాయైనా నాకు దక్కనీ," అంది.

మంచిది కదా మేక, తనే వెళ్లి దాని అంచు కొరికి థూ అని ఉమ్మేసింది. "ఇది పరమ చేదు అన్నా. దీని జోలికి పోకు."

'ఓహో, నా దగ్గరే నేర్చుకుని నాకే అప్పజెబుతోందే. పెద్ద కాయ కదా, దాచుకుంటోంది,' అనుకుంటూ నక్క కంచె సందులోంచి లోపలికి దూరింది. అంతలో వాకిట్లో కుక్క మొరిగింది. ఇక నక్క రుచీ పచీ చూడకుండా కాయలో సగం గబగబా మింగేసి కంచె దూకింది.

కాసేపటికి కంచె అవతల ఒకటే వాంతులు.

"చెప్పానా," అని మూలిగింది నక్క, "పచ్చి గుమ్మడికాయ తినకూడదని."

"నీ మాట నిలబెట్టుకోడానికి ఇంత కష్టపడాలా నాయనా," అని ఎద్దు మళ్లీ నెమరు మొదలెట్టింది.

కాయైనా కబురైనా, మింగేముందు నాలుక చివర ఓసారి చూసుకోవాలి.