కొండెక్కని కోడె

వీరభూపతి దొర తన పడుచు కోడెను కొట్టంలోనే కట్టేసి తెలగపిండీ ఉలవలూ మేపించాడు. చూసినవాళ్ళంతా ఏనుగన్నారు. మా ఊరివాళ్ళకు అనడానికేం పోయింది! తీరా గుట్ట మీద మేసే ఆవుల్లోకి వదిలితే అది రెండడుగులు వేసి పడుకుంది. ఆ ఏడు ఒక్క ఆవూ చూడి కట్టలేదు.

"నీ కాపలా బాగోలేదురా. రేపట్నుంచి రాకు," అన్నాడు దొర, పశువుల కాపరి ఎల్లమందతో.

తిట్లు తిని తిని అలిసిన ఎల్లమంద నిట్టూర్చాడు. "అట్టాగే దొరా. మంద గుట్ట మీదుంది. వస్తే అప్పగించి పోతాను."

దొర సగం గుట్ట ఎక్కి బండమీద కూలబడ్డాడు. "నావల్ల కాదురా. ఈ ఒళ్ళేసుకుని ఎట్టా ఎక్కేది?"

"ఆ మాటే కోడె చెప్పలేకపోయింది దొరా. నోరులేంది కదా, తిట్లు నాకొచ్చాయి."

మర్నాటినుంచి కోడెను రోజూ గుట్ట ఎక్కించే పని ఎల్లమందకే దక్కింది. దొరను ఎక్కించే పనికి మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు.