నాచు వేళ్ళు విదిలించిన రోజు

ఒకప్పుడు నాచు సముద్రంలో ఉండేది కాదు. ఒడ్డున ఇసుకదిబ్బ కింద, గోంగూర మొక్కలా నేలలోకి వేళ్ళు దింపుకుని నిలబడేది. మొత్తం పన్నెండు మంది అక్కచెల్లెళ్ళు. అందరిలోకీ చిన్నది చిట్టినాచు. లెక్కల్లో చురుకు, మాటల్లో ఇంకా చురుకు.

ఆ ఒడ్డుకి గుడ్లు పెట్టడానికి తాబేలత్త వచ్చేది. బరువైన డిప్పని ఇసుకలో ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ వచ్చేసరికి కాళ్ళు బూరెల్లా పొంగిపోయేవి.

"ఒక ఆకు నములు అత్తా," అనేది చిట్టినాచు.

అత్త నమిలేది. ఆకులోని జిగురు గొంతు దిగిన కాసేపటికి మంట చల్లారేది, వాపు తీసేది. అత్త నెమ్మదిగా దిబ్బెక్కి, గుడ్లు పెట్టి వెళ్ళేది. కోసిన చోట నాచుకి కొత్త ఆకు వచ్చేది. ఎవరికీ నష్టం లేదు.

ఈ సంగతి పందికొక్కు చెవిన పడింది. అది ఆ చుట్టుపక్కల తానే పెద్ద వైద్యుణ్ణని చెప్పుకు తిరుగుతోంది.

"మందు ఎప్పుడూ వేరులోనే ఉంటుంది! ఆకులో ఏముంటుంది, నా మొహం?" అంటూ వచ్చి, బరబరా మట్టి తవ్వేసి, పెద్దక్కని వేళ్ళతో సహా పెకలించుకుపోయింది.

మర్నాడు రెండో అక్క. ఆ మర్నాడు మూడో అక్క.

"ఓయ్ వైద్యుడా!" చిట్టినాచు అరిచింది. "మందు ఆకులో ఉందయ్యా, జిగురులో! వేరు నమిలి ఒక్కళ్ళకైనా వాపు తగ్గిందా?"

"ఇంకాస్త నమిలితే తగ్గుతుంది," అంది పందికొక్కు మూతి తుడుచుకుంటూ. "నువ్వు మందువి. మందుకి వైద్యం తెలుస్తుందిటే?"

చిట్టినాచుకి ఒళ్ళు మండిపోయింది. నా ఒంట్లో ఏముందో నాకు తెలీదుట! ఈ తవ్వేవాడికి తెలుసుట!

గబగబా లెక్క వేసుకుంది. ఆకు కోస్తే మళ్ళీ వస్తుంది, ఎన్నిసార్లు కోసినా వస్తుంది. వేరు తవ్వితే పన్నెండులో మిగిలేది సున్నా. అప్పుడు అత్త సంగతేమిటి? పొంగిన కాళ్ళతో దిబ్బ ఎక్కలేక నీళ్ళ అంచునే గుడ్లు పెడుతుంది. అవన్నీ కొట్టుకుపోతాయి.

"కెరటం మామా! మా తొమ్మిది మందినీ తీసుకుపో!"

"నా దగ్గర మట్టి లేదే, చిట్టీ. వేళ్ళు ఎక్కడ పెట్టుకుంటావు?" అన్నాడు కెరటం మామ.

"వేళ్ళే వద్దు! ఈ తవ్వకమంతా వాటి కోసమేగా!"

అంతే, ఒళ్ళంతా ఒక్క విదిలింపు విదిలించింది. అక్కలూ విదిలించారు. వేళ్ళన్నీ తెగి వెళ్ళి పందికొక్కు మొహాన పడ్డాయి.

"ఇవిగో, తిను! కడుపునిండా తిను!"

కెరటం మామ తొమ్మిది మందినీ ఎత్తుకెళ్ళి నీళ్ళలోని బండ మీద దించాడు. చిట్టినాచు రాయిని పిడికిలి బిగించినట్టు పట్టుకుంది. చుట్టూ తన జిగురు పూసేసింది.

కెరటం వెనక్కి తగ్గాక పందికొక్కు అక్కడికీ వచ్చింది. బండ మీద ఇలా కాలు పెట్టిందో లేదో, జిగురు మీద జారి ధబేల్మని బోర్లా పడింది.

"అమ్మో, నా మోకాలు! చిట్టీ, ఒక్క వేరుంటే..."

"ఉన్నవన్నీ నీకే ఇచ్చేశాంగా! తగ్గలేదూ?"

పందికొక్కు లేవబోయి మళ్ళీ కూలబడింది. మోకాలు చూస్తుండగానే వంకాయంత అయింది.

"ఆకు..." అని గొణిగింది.

"ఏమిటీ? అక్కలకి వినపడలేదు."

"ఆకు! ఆకు తల్లీ! మందు ఆకులోనే ఉంది!"

చిట్టినాచు ఒక్కటంటే ఒక్క ఆకు తెంపి విసిరింది.

అప్పుడే నీళ్ళలోంచి తాబేలత్త తల పైకెత్తింది. బండ దగ్గర ఆగి నాలుగు ఆకులు తీరిగ్గా నమిలింది. తర్వాత దిబ్బ వైపు తిరిగి, ఇసుక మీద మొదటి అడుగు వేసింది.

అప్పటినుంచే నాచుకి వేరు లేదు. రాయిని పట్టుకుని బతుకుతుంది. ఆకు కోసుకునేవాళ్ళని ఏమీ అనదు. కుదురుతో పెకలిద్దామని బండెక్కిన వాళ్ళని మాత్రం ఈనాటికీ జార్చి పడేస్తుంది.