ఆకులతో లేచిన కట్ట

కొండవాగు పక్కన కుందేళ్లు, ముళ్లపందులు, ఉడుతలు కాపురముండే పల్లం ఒకటుంది. వాగు పొంగి ఇళ్లమీద పడకుండా మధ్యలో మట్టికట్ట. అక్కడి బడికి పెద్ద అయ్యవారు జంబయ్య అనే నక్క.

ఆ ఏడు వానలకు ముందు జంబయ్య పిల్లలందర్నీ నిలబెట్టాడు.

"సేవ చెయ్యనివాళ్లకు పైతరగతి లేదు. తలా వంద తట్టల మట్టి కట్టమీద పొయ్యాలి. తట్టకో ముద్ర నా పుస్తకంలో వేస్తాను."

"మా అమ్మ మంచాన ఉందండీ, నేనే చూసుకోవాలి," అంది తెల్లి అనే కుందేలు పిల్ల.

"అది సేవ కాదు. ముద్ర పడేదే సేవ!"

ముళ్లపంది పిల్ల సూదయ్య ఉపాయం చెప్పాడు. "తట్టనిండా ఎండాకులు కూరి, పైన గుప్పెడు మట్టి చల్లండి. ఆయన లోపల చూడడు."

అమ్మ దగ్గరికి త్వరగా పోవచ్చని తెల్లి కూడా అలాగే మోసింది. వారంలో అందరికీ ముద్రలు పడ్డాయి. కట్ట ఎత్తుగా లేచింది. జంబయ్య మురిసిపోయి దాని కిందే కొత్త గుహ తవ్వుకున్నాడు.

మూడు రోజులు ఒకటే వాన. నాలుగో రోజు మధ్యాహ్నం తెల్లి వెళ్లి చూస్తే, కట్ట అడుగునుంచి బురదనీళ్లు చిమ్ముతున్నాయి. నీళ్లతోపాటు కుళ్లిన ఆకులు! చెబితే బడినుంచి తరిమేస్తారు. చెప్పకపోతే పల్లంలో అమ్మ ఉంది.

జంబయ్య గుహకు పరుగెత్తింది.

"అయ్యవారూ, కట్టలో ఉన్నవి ఆకులండీ! మేమే పోశాం. తెగిపోతోంది, బయటికి రండి!"

జంబయ్య పుస్తకం తెరిచాడు. "రెండు వేల తట్టలు. నా చేత్తో ముద్ర వేశాను. పనికి బద్ధకించినవాళ్లే ఇలాంటి పుకార్లు పుట్టిస్తారు. పో!"

తెల్లి సూదయ్యను వెతికి పట్టుకుంది. "మనం చేసిన పనేరా ఇది. మనమే బయటికి తేవాలి అందర్నీ."

సూదయ్య ముళ్లన్నీ భయంతో నిక్కబొడుచుకున్నాయి. అయినా కదిలాడు. పిల్లలంతా బొరియ బొరియకూ దూరి ముసలివాళ్లను, పసికూనలను పల్లం పైనున్న ఎత్తు గట్టు ఎక్కించారు. తెల్లి అమ్మను తోస్తూ, ఈడుస్తూ చివరగా పైకి చేరింది.

అప్పుడే కట్ట పెద్ద చప్పుడుతో తెగింది. జంబయ్య ఒక మోడును కరుచుకుని కేకలేస్తూ కొట్టుకుపోయాడు. పుస్తకం అతనికంటే ముందే పోయింది.

తమ ఇళ్లు మునగడం చూస్తూ పిల్లలు గట్టుమీద ఒకరినొకరు కరుచుకుని నిలబడ్డారు.

నీతి: భయపెట్టి చేయించిన సేవ లెక్కలోకి వస్తుంది, ఆపదలో అక్కరకు రాదు.