పరదా వెనక రెండు పెట్టెలు

గుమ్మగడ్డ రాజా సర్వారాయుడుగారికి రాజ్యం పోయి మూడు తరాలైంది గానీ కొలువు మాత్రం పోలేదు. రోజూ పదింటికి దర్బారు హాల్లో కూర్చునేవారు. ఒకరోజు కూర్చుంటూనే, "నాకు ఆటలాడుకునే కంప్యూటరు కావాలి," అన్నారు.

కారణం అందరికీ తెలుసు. బావమరిది ఇంటర్నెట్‌లో కారు పందేలాడి ఆయన్ని వరసగా పదకొండుసార్లు ఓడించాడు. రాజాగారి పాత కంప్యూటర్లో మలుపు కనిపించేసరికి కారు గోడలో ఉండేది.

"అరవై వేలు," అన్నారు పక్కనున్న రాణిగారు. "అంతకు రూపాయి దాటినా ఈ ఏడు కోటకి సున్నాలుండవు."

ఆస్థాన సాంకేతిక సలహాదారు విశ్వపతిరావు లేచి కండువా సర్దుకున్నాడు. ఎప్పుడో కోటలో ప్రింటరు బాగుచేసి ఆ బిరుదు సంపాదించాడు. ఆ తర్వాత దేన్నీ బాగుచేసింది లేదు.

"కంప్యూటరుకి మెదడు ప్రాసెసరు ప్రభూ. తమ హోదాకి తగ్గట్టు అన్నిటికన్నా పెద్దది తెద్దాం. మిగిలిన డబ్బుతో మిగతావి అమర్చేస్తాను."

నిచ్చెన మీద ఫ్యూజు మారుస్తున్న దాలినాయుడు కిందికి చూడకుండానే అన్నాడు.

"మెదడొక్కటే వెళ్లి పందెంలో పరిగెత్తదు కదండీ."

దాలినాయుడు ఇరవై ఏళ్లుగా కోట ఎలక్ట్రీషియను. సెలవుల్లో చుట్టాలందరికీ కంప్యూటర్లు అమర్చిపెట్టడం అతనికి సరదా.

"అయితే నీ లెక్కేమిటి?" అనడిగారు రాజాగారు.

"ఆటలో బొమ్మ గీసేది గ్రాఫిక్స్ కార్డు బాబూ. పెద్ద వాటా దానికివ్వాలి. ప్రాసెసరు మధ్యరకంది చాలు."

మధ్యరకం అన్న మాటకి రాజాగారి మీసం కదిలింది. అది చూసి దాలినాయుడు నాలుక కరుచుకున్నాడు.

విశ్వపతిరావు కూడా చూశాడు. "ప్రభూ, ఇద్దరం అరవై వేలలో చెరొకటి తయారుచేస్తాం. ఓడినవాడు తన పెట్టె ఖర్చు తనే భరించి, కోట విడిచి వెళ్లాలి," అన్నాడు.

రాజాగారు సరేనన్నారు. పెరటి వెనక రెండు గదుల క్వార్టరు తప్ప దాలినాయుడికి వేరే ఇల్లు లేదు. పైగా పెద్ద పేరు వింటే రాజాగారు అటే మొగ్గుతారు. నిచ్చెన దిగేలోపు బాగా ఆలోచించాడు.

"తీర్పు ఎవరు చెబుతారండీ?"

"నేనే."

"తమరు వద్దు బాబూ. విశ్వపతిరావుగారే చెప్పాలి. ఆయనకన్నా తెలిసినవారు ఈ కోటలో లేరు."

"నీ ప్రత్యర్థినే తీర్పరిగా పెట్టుకుంటావా?"

"ఒక్క మనవి. కంప్యూటరు పెట్టెలు రెండూ పరదా వెనక ఉండాలి. ఏది నాదో తెలిస్తే ఆయన జాలిపడి నన్ను గెలిపించేస్తారు."

"జాలి నాకు పుట్టుకతో వచ్చిన బలహీనత," అని ఒప్పుకున్నాడు విశ్వపతిరావు.

వారం తిరిగింది. విశ్వపతిరావు ప్రాసెసరుని వెండి పళ్లెంలో ఊరేగించి తెచ్చాడు. దానికీ దాని బోర్డుకీ పోగా మిగిలిన డబ్బుకి ఎవరో వాడి వదిలేసిన గ్రాఫిక్స్ కార్డు దొరికింది. అంతా బిగించి, పెట్టెకి కుంకుమబొట్టు పెట్టి, స్విచ్ వేశాడు. కన్ను మూసి తెరిచేలోగా కంప్యూటరు లేచింది. అంతటితో తృప్తిపడ్డాడు. ఆట పెట్టి చూడలేదు. ఆటలు పిల్లల వ్యవహారమని ఆయన ఉద్దేశం.

దాలినాయుడు బస్సెక్కి పట్నం వెళ్లి, తను చెప్పినట్టే మంచి కార్డు, మధ్యరకం ప్రాసెసరు, పదహారు జీబీ మెమరీ, నమ్మకమైన పవర్ సప్లై కొన్నాడు. రంగుదీపాల పెట్టె వద్దంటే షాపువాడు నొచ్చుకున్నాడు.

ఏ పెట్టె ఏ మానిటరుకి తగిలించాలో రాణిగారే నిర్ణయించి, పరదా లాగించారు. రెండు మానిటర్ల మీదా ఒకే పందెం మొదలైంది.

ఎడమవైపు కారు ఒకచోట మాయమై ఇంకోచోట తేలుతోంది. మొదటి మలుపులోనే రాజాగారు గోడకి గుద్దారు. కుడివైపుకి మారారు. అక్కడ రోడ్డు నున్నగా సాగిపోతోంది. అద్దం మీద వానచినుకులు లెక్కపెట్టేలా ఉన్నాయి. రాజాగారు జీవితంలో మొదటిసారి చుట్టు పూర్తిచేశారు. రెండో చుట్టు మొదలుపెట్టారు.

విశ్వపతిరావు చేతులు వెనక్కి కట్టుకుని రెండు మానిటర్ల మధ్యా నాలుగుసార్లు తిరిగాడు.

"ఎడమది చూడండి ప్రభూ. మధ్యరకం అంటే ఇదే. దీన్ని అమర్చినవాడికి ఫ్యూజు మార్చడం కూడా వచ్చో రాదో. కుడిది రాజసం. గొప్ప ప్రాసెసరు బలం ఎలా ఉంటుందో కళ్లకి కట్టినట్టు కనిపిస్తోంది."

"ఆ మాట రాసిస్తారాండీ?" అనడిగాడు దాలినాయుడు.

విశ్వపతిరావు రాసి, సంతకం కూడా పెట్టాడు.

రాణిగారు పరదా తొలగించారు. కుడి మానిటరు తీగ వెళ్లి దీపాల్లేని నల్లపెట్టెకి తగిలింది. ఎడమ మానిటరు తీగ కుంకుమబొట్టు ఉన్న పెట్టెకి తగిలింది.

విశ్వపతిరావు తీగని రెండుసార్లు వేలితో తడిమి చూసుకున్నాడు.

"అయితే అంత గొప్ప ప్రాసెసరు లోపల ఏం చేస్తున్నట్టు?" అన్నారు రాజాగారు.

దాలినాయుడు వంగి పెట్టెలోకి చూశాడు.

"విశ్రాంతి తీసుకుంటోంది బాబూ. పాత కార్డు బొమ్మ గీసి ముగించేదాకా దానికి వేరే పని లేదు."

ముందు రాణిగారు నవ్వారు. తర్వాత హాలంతా నవ్వింది. విశ్వపతిరావు కండువా తీసి మడతపెట్టి, గుమ్మం వైపు నడవబోయాడు.

"ఆగండి," అన్నారు రాజాగారు మానిటరు మీంచి చూపు తిప్పకుండా. "ఇంత నిక్కచ్చిగా తీర్పు చెప్పినవారిని పంపించను. తీర్పులకి ఉండండి. సలహాదారు బిరుదు మాత్రం దాలినాయుడిది."

భుజం మీది జరీ శాలువా లాగి దాలినాయుడి వైపు చాపారు.

"ఎడమచేత్తో ఇస్తున్నానని ఏమనుకోకు నాయుడూ. కుడిచెయ్యి మలుపులో ఉంది."