‘మ’ వద్దు

“పోయిన మనిషిని తిరిగి తేలేని పద్యం ఎందుకండీ, గురువుగారూ?” అని అడిగాడు భార్గవశర్మ.

తల్లి పోయి రెండు నెలలైంది. ఆమె మీద నాలుగు పాదాలు చెబుదామని రోజూ కూర్చున్నా ఒక్క పాదమూ కదల్లేదట. పన్నెండేళ్ల అవధాన సాధనకు ఇక సెలవని చెప్పడానికే ఆ ఉదయం గురువుగారింటికి వచ్చాడు. శిష్యులం మాలో అంతటి ధార ఉన్నవాడు మరొకడు లేడు. అసూయపడ్డ నేనే చెబుతున్నాను కనుక నమ్మవచ్చు.

మా గురువుగారు అచ్యుతరామయ్యగారు వాదించేవారు కారు. అది వకీళ్ల పని అనేవారు.

“వెళ్లే ముందు ఒక్క నిషిద్ధాక్షరి. అమ్మ మీద ఆటవెలది చెప్పు,” అన్నారు.

నిషిద్ధాక్షరి అంటే అవధాని ఒక అక్షరం పలకగానే, ఆ వెంటనే ఫలానా అక్షరం రాకూడదని ఎదుటివాడు అడ్డుపడతాడు. ఆ అడ్డు ఆ ఒక్క చోటికే. దాన్ని తప్పించుకుంటూ పద్యం నడపాలి. ఇక అవధానంలో నా వంతు అప్రస్తుత ప్రసంగం, అంటే మధ్యలో పనికిమాలిన ప్రశ్నలడగడం. ఆ విద్య నాకు ఒకరు నేర్పవలసిన అవసరం రాలేదు.

“అ” అన్నాడు భార్గవ.

“‘మ’ వద్దు.”

భార్గవ ముఖం పాలిపోయింది. “ఆ ఒక్క మాటా నాకు లేకుండా చేశారా!” అని లేచి గుమ్మం దాకా వెళ్లాడు. గురువుగారి మీద నాకు ఒళ్లు మండింది. ఏమనాలో తోచక, “ఒరేయ్, పొద్దున్నుంచీ ఏమైనా తిన్నావా?” అన్నాను.

వాడు ద్వారబంధం పట్టుకుని ఆగిపోయాడు.

“అమ్మ ఎప్పుడూ ఇలా అడగలేదురా. ముఖం చూస్తే తెలిసిపోయేది,” అన్నాడు. ఉన్నట్టుండి వెనక్కి తిరిగి, “న్న” అన్నాడు.

అన్నపూర్ణ రాబోతోందని పసిగట్టి గురువుగారు “‘ప’ వద్దు” అన్నారు.

“మ!”

ఆ తర్వాత ఇద్దరూ అక్షరానికి అక్షరం పట్టుపట్టారు. ఆయన కాదన్నకొద్దీ వాడి గొంతు లేచింది. వీధిలో పోయేవాళ్లు అరుగెక్కి నిలబడ్డారు. చివరికి వాడు పద్యమంతా ఏకధాటిగా అప్పజెప్పాడు.

అన్న మడుగకున్న నాకలి నెరిగిన
చేతి మహిమ నేను చెప్పగలనె
ముద్ద ముద్దలోన మురిపెము గలిపిన
చేయి లేదు నేడు, చేవ మిగిలె

అరుగంతా చప్పట్లతో మోగిపోయింది. పనికిమాలిన ప్రశ్న ఒక్కటైనా నాకు తోచలేదు. ఏడుస్తున్నాను, సంతోషంతోనే.

భార్గవ కళ్లు తుడుచుకుని నవ్వాడు. “అమ్మ అన్న మాటే పడలేదండీ పద్యంలో!”

“అక్కడ నేను వద్దన్నది ఒక్క అక్షరం,” అన్నారు గురువుగారు, అన్నానికి లేస్తూ. “తక్కిన యాభై ఐదూ నీవే కదరా.”